సరుకు సర్దడమూ ఒక విద్యే
నిరుద్యోగ యువతకు రిటైల్ శిక్షణ: చేరే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

ఇంటరో, డిగ్రీయో అయిపోయి ఇంటి దగ్గరే ఉంటున్న పిల్లలు ఇవాళ ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. రెండెకరాల సేద్యానికి ఇద్దరు మనుషులు చాలు. మూడో మనిషికి పొలంలో పని లేదు, బయట ఉద్యోగం లేదు. అలాంటి ఇళ్ళకు ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఒక కబురు వస్తుంటుంది. "మూడు నెలల శిక్షణ, భోజనం, వసతి ఉచితం, ఆ తర్వాత పట్నంలో పెద్ద షాపులో ఉద్యోగం" అని. కొందరు చేరతారు. చేరినవారిలో కొందరు నిలదొక్కుకుంటారు, కొందరు రెండు నెలలు తిరక్కుండానే సంచి సర్దుకుని ఇంటికి వచ్చేస్తారు.

వెనక్కి వచ్చినవారిని చూసి "అదంతా దండగ" అనడం తొందరపాటు అవుతుంది. అలాగని చేరితే చాలు బతుకు గట్టెక్కిందనుకోవడమూ పొరపాటే. శిక్షణలో నేర్పే పని నిజమైన పని. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన పిల్లలకు అందులో సగం ముందే తెలుసు. మిగతా సగం నేర్చుకుంటే పట్నంలో ఉద్యోగం నిలిచినా, నిలవకపోయినా ఆ విద్య చేతిలో ఉంటుంది. అయితే చేరే ముందు కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి. ఏం నేర్పుతారు, ఏం అడగాలి, జీతం లెక్క ఎలా చూసుకోవాలి, నేర్చిన పని ఊళ్ళో ఎలా అక్కరకొస్తుంది అనే సంగతులు వరుసగా చూద్దాం.

అసలు ఈ పని ఏమిటి?

మన ఊరి కిరాణా కొట్టులో సరుకు కొట్టు యజమాని వెనకాల ఉంటుంది. మనం అడుగుతాం, ఆయన తీసి ఇస్తాడు. ఏది ఎక్కడుందో ఆయనకు తెలిస్తే చాలు. 1916లో అమెరికాలోని మెంఫిస్ పట్టణంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి ఈ పద్ధతి మార్చాడు. పిగ్లీ విగ్లీ అనే పేరుతో ఆయన పెట్టిన దుకాణంలో కొనేవారే లోపలికి వెళ్ళి, బుట్టలో సరుకు వేసుకుని, బయటకు వచ్చేచోట డబ్బు కట్టాలి. అప్పటినుంచి దుకాణంలో ఒక కొత్త అవసరం పుట్టింది. అడిగి ఇచ్చే మనిషి లేనప్పుడు సరుకే తన సంగతి తాను చెప్పుకోవాలి. కంటికి కనబడాలి, చేతికి అందాలి, ధర తెలియాలి, పాడైపోయింది ఉండకూడదు. దీన్ని చూసుకునే పనినే ఇంగ్లీషులో మర్చండైజింగ్ అంటున్నారు. మన మాటల్లో చెప్పాలంటే, తగిన సరుకును తగినంత, తగిన చోట, తగిన ధరకు, తగిన సమయంలో ఉంచడం.

మన రాష్ట్రాలకూ ఈ వ్యాపారం కొత్త కాదు. త్రినేత్ర దుకాణాలు 1986లో హైదరాబాదులోనే మొదలయ్యాయి. 2001లో బిగ్ బజార్ వచ్చింది. రిలయన్స్ ఫ్రెష్ తన మొదటి దుకాణాలను 2006 నవంబరులో హైదరాబాదులోనే తెరిచింది. ఇవాళ జిల్లా కేంద్రాల్లోనే కాదు, చిన్న పట్టణాల్లోనూ ఇలాంటి దుకాణాలు కనిపిస్తున్నాయి. ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. త్రినేత్ర తర్వాత వేరే సంస్థ చేతికి వెళ్ళింది. దేశమంతా పేరు మోగిన బిగ్ బజార్ 2022లో మూతపడింది. బోర్డులు మారినా, సరుకు సర్దడం, లెక్క చూడడం తెలిసిన మనిషి అవసరం మాత్రం పోలేదు. కాబట్టి పిల్లలు ఏ కంపెనీ పేరు చూసి చేరాలన్న దానికంటే పని ఎంత బాగా నేర్చుకున్నామన్నదే చూసుకోవాలి.

శిక్షణలో నేర్పేవి

సరుకు దించుకోవడం: లారీ వచ్చాక ఇన్వాయిస్ చేతిలో పెట్టుకుని పెట్టెలు లెక్క చూడాలి. రాసిన సంఖ్య, దిగిన సంఖ్య ఒకటేనా? పెట్టె నలిగిందా, తడిసిందా? లోపలి సరుకుకు గడువు ఎంత ఉంది? తేడా ఉంటే అప్పుడే కాగితం మీద రాయించి సంతకం తీసుకోవాలి. లారీ వెళ్ళాక మొత్తుకుంటే వినేవాడు ఉండడు.

అరల్లో అమర్చడం: కంటికి ఎదురుగా ఉన్న అరలోని సరుకు ఎక్కువ అమ్ముడవుతుంది. బరువైన నూనె డబ్బాలు, బియ్యం సంచులు కింది అరల్లో పెడతారు. పిల్లల బిస్కెట్లు పిల్లల కంటి ఎత్తులో ఉంటాయి. ఒక వస్తువు ముందు వరుసలో ఎన్ని కనబడాలో కూడా లెక్క ఉంటుంది. ఏ అరలో ఏది, ఎన్ని అన్నది చూపించే పటాన్ని ప్లానోగ్రామ్ అంటారు. ఇంటి ప్లాను చూసి మేస్త్రీ గోడ కట్టినట్టు, ఈ పటం చూసి సరుకు అమర్చాలి.

పాతది ముందు పోవాలి: కొత్త సరుకు వచ్చినప్పుడు దాన్ని వెనక పెట్టి, పాతదాన్ని ముందుకు జరపాలి. అందులోనూ గడువు ముందుగా ముగిసేది అన్నిటికంటే ముందుండాలి. పాతకాలం గాదెను పైనుంచి నింపి, కింది కన్నం నుంచి ధాన్యం తీసేవాళ్ళు. ముందు పోసింది ముందు బయటకు వచ్చేది. ఇక్కడి సూత్రమూ అదే. పనిలో ఎక్కువమంది బద్ధకించేది కూడా ఇక్కడే. వెనక చెయ్యి పెట్టి పాతవి ముందుకు లాగడం విసుగు పని. కొత్తవి ముందు పెట్టేసి పోతే ఆ రోజుకు బాగానే ఉంటుంది. రెండు నెలల తర్వాత వెనక వరుసంతా గడువు దాటి చెత్తబుట్టకు పోతుంది.

చీటీ చదవడం: ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధర, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు చిరునామా ఉండాలి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు ఇవన్నీ చెబుతున్నాయి. ఆ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి దానిపైన ఒక్క రూపాయి కూడా తీసుకోరాదు. గీతల గుర్తు, అంటే బార్‌కోడ్, చదవడం కూడా నేర్పుతారు. మొదటిసారి దుకాణంలో ఈ గీతలు చదివే యంత్రం వాడింది 1974 జూన్ 26న, అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్ళో. మన దేశంలో నమోదైన కంపెనీల బార్‌కోడ్ 890 అంకెలతో మొదలవుతుంది. ఆ అంకె కంపెనీ ఎక్కడ నమోదైందో చెబుతుందే తప్ప, వస్తువు మన దేశంలోనే తయారైందనడానికి రుజువు కాదు.

బిల్లు, గల్లాపెట్టె: బిల్లు కొట్టడం, నగదు, కార్డు, ఫోను ద్వారా వచ్చే చెల్లింపులు విడివిడిగా చూసుకోవడం, రాత్రి మూసేటప్పుడు లెక్క సరిచూడడం. పది రూపాయలు తేడా వచ్చినా ఎందుకొచ్చిందో కనుక్కునే దాకా కదలకూడదన్న అలవాటు ఇక్కడ వస్తుంది.

మాట తీరు: కొనేవారిని పలకరించడం, అడిగింది లేకపోతే దానికి దగ్గరగా ఉన్నది చూపించడం, కోపంగా వచ్చినవారి మాట పూర్తిగా వినడం. పట్నంలో పని చెయ్యాలంటే హిందీ, ఇంగ్లీషుల్లో నాలుగు ముక్కలు రావాలి. పల్లెటూరి పిల్లలు వెనకాడేది ఎక్కువగా ఇక్కడే. మూడు నెలల్లో ధారాళంగా మాట్లాడడం ఎవరికీ రాదు. ధర, బరువు, చోటు చెప్పగలిగే మాటలు వస్తే మొదటి ఉద్యోగానికి సరిపోతుంది.

రైతు బిడ్డకు ఉన్న మొగ్గు

పెద్ద దుకాణాల్లో సరుకు ఎక్కువగా పాడయ్యేది కూరగాయలు, పండ్ల దగ్గర. పట్నంలో పుట్టిన పిల్లవాడికి వంకాయలో పుచ్చు ఎక్కడుంటుందో, బెండకాయ ముదిరిందో లేదో చివర విరిచి ఎలా చూడాలో నేర్పాలి. మన పిల్లలకు అవన్నీ చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసినదానికి కొంచెం శాస్త్రం జోడిస్తే చాలు.

అరటి, మామిడి, బొప్పాయి, టమాటా పండేటప్పుడు ఎథిలీన్ అనే వాయువును వదులుతాయి. వాటి పక్కన ఆకుకూరలు, కీరదోస పెడితే త్వరగా పసుపు రంగుకు తిరుగుతాయి. అరటిని 13 డిగ్రీల కంటే తక్కువ చల్లదనంలో ఉంచితే తొక్క నల్లబడుతుంది. టమాటాకూ ఎక్కువ చలి పడదు. బంగాళాదుంపకు వెలుతురు తగిలితే పచ్చబడి చేదెక్కుతుంది. అలాంటివి అమ్మకూడదు. ఆకుకూరల మీద నీళ్ళు చిలకరించవచ్చు, ఉల్లిపాయలకు తడి తగలకూడదు. బెండకాయ తడిస్తే జిగురొచ్చి నల్లబడుతుంది.

తరుగు ఎంత నష్టం చేస్తుందో ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక దుకాణం కిలో 20 రూపాయల చొప్పున 100 కిలోల టమాటా కొన్నదనుకుందాం. పెట్టుబడి 2,000 రూపాయలు. కిలో 24 చొప్పున మొత్తం అమ్మితే 2,400 వస్తుంది, మిగులు 400. అందులో 10 కిలోలు కుళ్ళిపోతే 90 కిలోలకు వచ్చేది 2,160. మిగులు 160కి పడిపోయింది. పాడైంది పదోవంతు, పోయింది మాత్రం లాభంలో సగం కంటే ఎక్కువ. అదే 17 కిలోలు పోతే 83 కిలోలకు వచ్చేది 1,992. లాభం సంగతి అటుంచి 8 రూపాయలు చేతి నుంచే పెట్టుకోవాలి.

ఇప్పుడు పని తెలిసిన పిల్లవాడు పొద్దున్నే బుట్టలు చూసి, బాగా పండిన 10 కిలోలను వేరు చేసి, "ఈ రోజు పచ్చడికి, చారుకు" అని చెప్పి కిలో 15కే అమ్మించాడనుకుందాం. 150 రూపాయలు వచ్చాయి. మొత్తం 2,310, మిగులు 310. ఒక్క సరుకు మీద, ఒక్క పూటలో 150 రూపాయలు కాపాడాడు. ఇలాంటివాడిని ఏ యజమానీ వదులుకోడు. కూరగాయల విభాగంలో వేస్తే చిన్నతనంగా భావించకుండా అడిగి మరీ అందులో చేరడం మంచిది.

శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

మొదటిది, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. గ్రామీణ పేద యువత కోసం 2014 సెప్టెంబరు 25న దీన్ని ప్రారంభించారు. అప్పటి నిబంధనల ప్రకారం వయసు 15 నుంచి 35 ఏళ్ళు. మహిళలు, వికలాంగులు వంటివారికి 45 దాకా సడలింపు ఇచ్చారు. శిక్షణకు ఫీజు లేదు. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలని శిక్షణ సంస్థలకు షరతు పెట్టారు. ఉద్యోగంలో చేరాక మొదటి రోజుల ఖర్చుకని నెలకు వెయ్యి రూపాయల చొప్పున, సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, రాష్ట్రంలో వేరే జిల్లా అయితే మూడు నెలలు, వేరే రాష్ట్రమైతే ఆరు నెలలు ఇచ్చే ఏర్పాటు కూడా ఆ నిబంధనల్లో ఉంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి చేరే నాటికి ఏది అమల్లో ఉందో అడిగి తెలుసుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో ఏర్పడిన ఇజిఎంఎం సంస్థ అప్పట్లోనే గ్రామీణ యువతకు రిటైల్ వంటి రంగాల్లో శిక్షణ ఇప్పించింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో ఇజిఎంఎం, ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్ ఈ పని చూస్తూ వచ్చాయి.

రెండోది, గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు. ఆర్‌సెటి అంటే చాలామందికి తెలుసు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి పెట్టిన రుడ్‌సెట్ సంస్థ వీటికి మాదిరి. జిల్లాలో ఒక బ్యాంకు దీని బాధ్యత చూస్తుంది. ఇక్కడ ఉద్యోగం కంటే సొంతంగా పెట్టుకునే వ్యాపారానికి తర్ఫీదు ఇస్తారు. భోజనం, వసతి ఉచితం. శిక్షణ అయ్యాక రెండేళ్ళపాటు వెంట ఉండి సలహా ఇవ్వడం ఈ సంస్థల పద్ధతి. ఊళ్ళోనే దుకాణం పెట్టాలనుకునేవారికి ఇదే తగిన చోటు.

మూడోది, అప్రెంటిస్‌గా చేరడం. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, 2016లో వచ్చిన జాతీయ ప్రోత్సాహక పథకం ద్వారా దుకాణాలు కూడా అప్రెంటిస్‌లను తీసుకోవచ్చు. పని చేస్తూ నేర్చుకోవడం, స్టైపెండు తీసుకోవడం ఇందులో ఉంటుంది.

రిటైల్ కోర్సులకు పాఠ్యాంశాలు, పరీక్ష ప్రమాణాలు రూపొందించేది రాస్కి అనే రిటైల్ నైపుణ్య మండలి. ట్రైనీ అసోసియేట్, క్యాషియర్, సేల్స్ అసోసియేట్ వంటి పేర్లతో కోర్సులుంటాయి. మీకు ఇచ్చే సర్టిఫికెట్ మీద ఏ పని పేరు ఉంటుందో ముందే అడగాలి. ఊరికే "పాల్గొన్నారు" అని రాసిచ్చే కాగితానికి విలువ తక్కువ.

చేరే ముందు అడగాల్సినవి

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మొహమాటం పక్కన పెట్టి, తండ్రో తల్లో వెంట వెళ్ళి ఈ ప్రశ్నలు అడగాలి.

1. ఇది ఏ పథకం కింద ఇస్తున్న శిక్షణ? ఆ మంజూరు కాగితం చూపిస్తారా?

2. డబ్బు ఏమైనా కట్టాలా? ఉచిత పథకమని చెప్పి దరఖాస్తుకనో, యూనిఫారానికనో వసూలు చేస్తుంటే అనుమానించాలి.

3. సర్టిఫికెట్ల జిరాక్సులు చాలా? పదో తరగతి మెమో, ఇతర ఒరిజినల్స్ ఎవరి దగ్గరా వదిలి రాకూడదు. చూపించి, వెంటనే వెనక్కి తీసుకోవాలి.

4. కిందటి బ్యాచి పిల్లలు ఎక్కడ పని చేస్తున్నారు? ఇద్దరి ముగ్గురి ఫోను నంబర్లు తీసుకుని, తల్లిదండ్రులు స్వయంగా మాట్లాడాలి. అన్నిటిలోకి ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఇక్కడ నీళ్ళు నమిలితే ఆలోచించాల్సిందే.

5. శిక్షణ గదిలో అరలు, బిల్లు యంత్రం, తూకం ఉన్నాయా? బోర్డు మీద బొమ్మలు గీసి నేర్పితే ఈ విద్య రాదు. నిజమైన దుకాణంలో ఎన్ని రోజులు పని చేయిస్తారు?

6. ఉద్యోగం ఏ ఊళ్ళో? జీతం ఎంత, కోతలు పోను చేతికి ఎంత? వసతి ఎవరిది?

7. రోజుకు ఎన్ని గంటలు, వారానికి సెలవు ఏ రోజు, రాత్రి ఎన్నింటికి వదులుతారు?

8. ఆడపిల్లలకు హాస్టలు ఎక్కడ, వార్డెన్ ఎవరు? రాత్రి డ్యూటీ అయ్యాక హాస్టలుకు చేర్చే ఏర్పాటు ఉందా?

వీటన్నిటికీ సూటిగా జవాబు చెప్పే కేంద్రాలు ఉన్నాయి. చెప్పనివాటిని వదిలెయ్యడమే మేలు.

జీతం లెక్క ఇలా చూడాలి

ఎక్కువమంది వెనక్కి రావడానికి పని కష్టం ఒక్కటే కారణం కాదు. చెప్పిన జీతం వేరు, చేతికొచ్చేది వేరు, ఖర్చులు పోను ఇంటికి పంపేది వేరు. ఈ మూడూ కాగితం మీద వేసి చూసుకోకుండా బయల్దేరితే మొదటి నెలలోనే గుండె జారిపోతుంది. కింది అంకెలు లెక్క తెలియడానికి వేసినవి మాత్రమే. మీకు చెప్పిన అంకెలు ఆ స్థానంలో వేసుకోండి.

పట్నంలో ఉద్యోగం, జీతం 14,000, అందులో మూలవేతనం 10,000 అనుకుందాం. భవిష్య నిధికి 12 శాతం అంటే 1,200, ఇఎస్ఐకి జీతం మీద 0.75 శాతం అంటే 105 పోగా చేతికి 12,695 వస్తుంది. గదిలో వాటా 2,500, తిండికి 4,000, బస్సుకు 1,000, ఫోనుకు 300, ఇతర ఖర్చు 1,000. మొత్తం 8,800. మిగిలేది 3,895.

అదే మనిషికి ఇంటి నుంచి బస్సులో వెళ్ళి వచ్చే పట్టణంలో 11,000 జీతం, 8,000 మూలవేతనంతో ఉద్యోగం దొరికిందనుకుందాం. కోతలు 960, 83 పోగా చేతికి 9,957. బస్సు పాసు 1,200, ఫోనుకు 300, ఇతర ఖర్చు 1,000. క్యారేజీ ఇంటి నుంచే. మిగిలేది 7,457. తిండి ఖర్చు ఇంటి మీద పడుతుందన్నది నిజమే అయినా, మూడు వేలు తక్కువ జీతంతోనే చేతిలో ఎక్కువ నిలిచింది. కాబట్టి మొదటి ఉద్యోగానికి దగ్గరి పట్టణంలో ఖాళీ ఉందేమో అడగాలి. దూరమే వెళ్ళాల్సి వస్తే యజమాని వసతి ఇచ్చే చోటు చూసుకోవాలి.

భవిష్య నిధి, ఇఎస్ఐ కోతలను దండగ అనుకోవద్దు. భవిష్య నిధిలో యజమాని వాటా కూడా జమ అవుతుంది. ఇఎస్ఐ కార్డుతో కుటుంబానికీ వైద్యం దొరుకుతుంది. నిధి ఖాతాకు ఇచ్చే యుఎఎన్ నంబరును జాగ్రత్తగా రాసి పెట్టుకోవాలి. ఉద్యోగం మారినా ఆ నంబరు మారదు.

నిలబడి చేసే ఉద్యోగం

ఈ పనిలో రోజంతా నిలబడాలి. నాగలి పట్టిన కాళ్ళకు కూడా గచ్చు మీద ఎనిమిది తొమ్మిది గంటలు కదలకుండా నిలబడడం కొత్తే. పిక్కలు లాగుతాయి, కాళ్ళు వాస్తాయి, ఏళ్ళ తరబడి అయితే నరాలు ఉబ్బే ప్రమాదమూ ఉంది. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే మహిళలు కూర్చునే హక్కు కోసం పోరాడగా 2018లో అక్కడి చట్టాన్ని సవరించి కూర్చునే వీలు కల్పించాలన్నారు. తమిళనాడు 2021లో అదే దారిలో చట్టం చేసింది. మెత్తని చెప్పులు, మధ్య మధ్య నాలుగడుగులు వెయ్యడం, రాత్రి కాళ్ళు ఎత్తు మీద పెట్టి పడుకోవడం వంటి జాగ్రత్తలు పిల్లలకు ముందే చెప్పాలి.

ఇంకో సంగతి. సంక్రాంతి, దసరా, దీపావళి రోజుల్లో దుకాణాలకు గిరాకీ ఎక్కువ. అప్పుడే సెలవు దొరకదు. ఇంట్లో అందరూ ఒకచోట చేరే పండక్కి పిల్లవాడు రాలేకపోతాడు. "పండక్కి కూడా పంపని ఉద్యోగం ఎందుకు, వచ్చెయ్" అని పెద్దలే ఫోన్లో అనడంతో పని మానేసినవారూ ఉన్నారు. చేరేటప్పుడే ఈ విషయం ఇంట్లో మాట్లాడుకోవాలి. మొదటి మూడు నెలలు గట్టిగా నిలిస్తే తర్వాత అలవాటవుతుంది. ఏడాది అనుభవం ఉంటే వేరేచోట అడగడానికి నోరు వస్తుంది.

తిరిగొచ్చినా విద్య పోదు

అందరూ పట్నంలోనే ఉండిపోవాలని లేదు. నేర్చుకున్న పని ఊళ్ళోనూ పనికొస్తుంది. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లలో దుకాణం ఉన్న కుటుంబాలు మన ప్రాంతంలో ఉన్నాయి. కూరగాయలు కుప్పగా పోసి అమ్మడానికి, ఏరి, సైజువారీగా బుట్టల్లో పెట్టి, ధర పలక కట్టి అమ్మడానికి ఎంత తేడా ఉంటుందో వారం రోజులు చేసి చూస్తే తెలుస్తుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, మహిళా సంఘాలు దుకాణాలు నడుపుతున్న చోట్ల కూడా సరుకు లెక్క తెలిసిన మనిషి కావాలి.

కిరాణా కొట్టు విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. కొట్టులో ఎప్పుడూ 50,000 రూపాయల సరుకు ఉంటుందనుకుందాం. కొన్న ధర మీద పది శాతం మిగులు. ఆ సరుకంతా నెలకోసారి అమ్ముడై కొత్తది వస్తుంటే ఏడాదికి మిగులు 60,000. అదే రెండు నెలలకోసారి తిరిగితే 30,000. పెట్టుబడి అదే, అరలు అవే. కదలని సరుకు తగ్గించి కదిలే సరుకు పెంచడమే తేడా. ఏది కదులుతోందో తెలియాలంటే రోజూ రాత్రి పుస్తకంలో రాయాలి. శిక్షణలో కంప్యూటరు మీద నేర్చుకున్నదే ఇక్కడ నోటు పుస్తకంలో చెయ్యొచ్చు.

ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టాలనుకునేవారు మాత్రం ఒకటి గమనించాలి. దానికి లైసెన్సు, విద్యార్హత వేరుగా ఉన్నాయి. రిటైల్ శిక్షణ సర్టిఫికెట్ చాలదు. ఎరువుల, మందుల డీలర్ల కోసం హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో డేసి అనే ఏడాది డిప్లొమా కోర్సు ప్రారంభించింది. వివరాలకు మండల వ్యవసాయాధికారిని అడగాలి.

రిటైల్ శిక్షణలో చేరదలచినవారు మండల మహిళా సమాఖ్య కార్యాలయంలో గాని, జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థలో గాని, స్వయం ఉపాధి శిక్షణకైతే జిల్లా ఆర్‌సెటిలో గాని విచారించవచ్చు. ఆధార్, రేషన్ కార్డు, పదో తరగతి మెమో, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు, నాలుగు ఫొటోలు వెంట తీసుకెళ్ళాలి. పైన రాసిన ఎనిమిది ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి ప్రశ్న పక్కన వాళ్ళు చెప్పిన జవాబు అక్కడే రాసుకోండి. ఇంటికి వచ్చి నలుగురూ కూర్చుని ఆ కాగితం చూసుకున్నాకే చేరాలా వద్దా అన్నది తేల్చుకోవడం మంచిది.